రక్తచదువరి ముందు ఇద్దరు

2071లో విశాఖపట్నంలో ట్రామ్ ఎక్కేవాళ్లు టికెట్టుకీ ఒంటి సంగతికీ ఒకే పలక మీద అరచెయ్యి ఆనించేవారు. సూది ఉండేది కాదు. చర్మం అడుగున పారే రక్తాన్ని పలక వెలుతురుతో చదివి, "ఇవాళ ఉప్పు తగ్గించండి" అనో, "కాస్త నీళ్లు తాగండి" అనో చెవిలో మెల్లగా చెప్పేది. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకు రక్తం తీయించుకోవడం అంటే ఏమిటో తెలియదు.

వీధి పలకలు పదో పన్నెండో గుర్తులను మాత్రమే చదవగలిగేవి. సముద్రపు ఒడ్డున ఉన్న పరిశోధనాలయంలోని పెద్ద యంత్రం సంగతి వేరు. దాని పేరు రక్తచదువరి. రక్తంలో తిరిగే వేలాది మాంసకృత్తులను, అంటే ప్రొటీన్లను, ఒక్కొక్కటిగా గుర్తుపట్టి, క్లోమం ఏ మేరకు పనిచేస్తోందో, మూత్రపిండాలు ఎంత అలిసిపోయాయో, గుండె ఎంత ముసలిదైందో అది చెప్పేది.

ఆ ఉదయం దాని ముందుకు హంసిక, చరిష్మ వచ్చారు. ఇద్దరూ అరవై దాటినవాళ్లు. వయసులో ఉన్నప్పుడు ఓడల కర్మాగారంలో నమూనాలు గీసే విభాగంలో కలిసి పనిచేశారు. గాజువాక హాస్టల్లో ఒకే గదిలో ఉన్నారు. పెళ్లి ఇద్దరికీ కలిసిరాలేదు. ఇప్పుడు భీమిలిలో ఒకే ఇంట్లో ఉంటున్నారు.

హంసికకు ఇరవై ఆరో ఏట స్వయం ప్రతిరక్షక మధుమేహం వచ్చింది. ఒంటిని కాపాడాల్సిన రక్షక కణాలే, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను శత్రువులనుకుని చంపేసే జబ్బు అది. హంసిక సూది ముట్టనంది. గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు చరిష్మ వచ్చి ఆమె మంచం మీద కూర్చుని, "నాకూ అదేనటే" అంది. ఆ రాత్రి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని సూది వేసుకున్నారు.

ఇన్నేళ్లకు ఆ జబ్బుకు మరపు చికిత్స వచ్చింది. ముందు రక్షక కణాలు తమ పాత పగను మరిచిపోయేలా చేస్తారు. ఆ తరువాత కొత్త బీటా కణాలను నాటుతారు. ఆ సంగతి తెలిసిన రోజే హంసిక ఇద్దరి పేర్లూ రాయించేసింది. చరిష్మ నాలుగైదు సాకులు చెప్పింది.

"నువ్వు రాకపోతే నేనూ పోను. కలిసి మొదలెట్టాం, కలిసే వదిలించుకుందాం" అంది హంసిక. ఆ మొండితనం ముందు సాకులేవీ నిలవలేదు. డాక్టరుతో చాటుగా ఒక మాట చెప్పి తప్పుకోవచ్చనుకుని చరిష్మ బయలుదేరింది.

రక్తచదువరి గదిలో డాక్టర్ నౌషీన్ వాళ్లను కూర్చోబెట్టింది. ముప్పై అయిదేళ్ల మనిషి. వాళ్ల వయసునాటి ఇన్సులిన్ పెన్నును మ్యూజియంలో తప్ప చూడలేదు.

"అప్పట్లో ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్లమమ్మా," అంది హంసిక హుషారుగా. "హాస్టల్ మొత్తానికి ఒకటే ఫ్రిజ్. ఒకసారి ఎవత్తో మా మందుల మీద పెరుగు ఒలకబోసింది. ఇది దాంతో ఎంత పోట్లాడిందో! వానాకాలం బస్సులు ఆగిపోతే, నాకు చక్కెర పడిపోయిందని ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇంటి తలుపు కొట్టి టీ అడిగింది. ఆ ఇంటావిడ పకోడీలు కూడా పెట్టింది. గుర్తుందేటే?"

"ఉంది" అంది చరిష్మ. ఆమె చూపు యంత్రం మీదే ఉంది. "డాక్టరమ్మా, మీతో విడిగా ఒక మాట..."

"ముందు చెయ్యి పెట్టవే. మాటలకేటి, తర్వాతైనా ఆడుకోవచ్చు" అంటూ హంసిక ఆమె అరచేతిని తనే లాగి పలక మీద ఆనించింది. రెండో పలక మీద తన చెయ్యి పెట్టింది.

యంత్రం ఇద్దరి రక్తాన్నీ చదివి మాట్లాడింది.

"హంసిక గారికి చికిత్స మొదలుపెట్టవచ్చు. చరిష్మ గారికి వద్దు. ఆమె రక్తంలో సి-పెప్టైడ్ నిండుగా ఉంది."

నౌషీన్ కనుబొమలు ముడిపడ్డాయి. క్లోమం సొంతంగా ఇన్సులిన్ తయారుచేసిన ప్రతిసారీ దానితోపాటు రక్తంలోకి వచ్చే చిన్న తునక సి-పెప్టైడ్. ఈ జబ్బు ఇన్నేళ్లుగా ఉన్నవాళ్లలో అది దాదాపు కనబడకూడదు.

"మళ్లీ చదువు" అంది నౌషీన్.

"చదివాను. బీటా కణాల మీద దాడి జరిగిన జాడ ఒక్కటీ లేదు. ఈమెకు ఈ జబ్బు ఎన్నడూ రాలేదు. మరపు చికిత్స ఇస్తే ఉన్న రక్షణ పోయి ప్రాణం మీదికి వస్తుంది."

హంసిక నవ్వింది. తరువాత చరిష్మ మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది.

"సూదిలో ఏముండేదే?"

"ఉప్పునీళ్లు."

"ఇన్నేళ్లూ?"

"మొదట ఒక్క నెల అనుకున్నాను. నువ్వు వేసుకోవడం మొదలెట్టావు. ఆ తర్వాత ఎలా ఆపను? ఆపితే నువ్వూ ఆపేస్తావు."

హంసిక లేచి నిలబడింది. "నీకెప్పుడూ చక్కెర సరిగ్గా ఉంటుందని కుళ్లుకున్నాను. నిద్రలో పడిపోతుందేమోనని లేచి నీ నుదురు తడిమి చూసేదాన్ని, చెమట పట్టిందేమోనని. నువ్వు పోతే ఎలాగా అని ఎంత ఏడ్చానో తెలుసా? అంతా ఉత్తిదేనా?"

హంసిక తలుపుదాకా వెళ్లిపోయింది.

నౌషీన్ తెర మీద హంసిక రక్తపాఠాన్ని చూస్తూనే గబగబా అంది. "అమ్మా, ఒక్క నిమిషం. ఈ జబ్బుతో ఇంతకాలం బతికినవాళ్ల మూత్రపిండాలు ఇంత బాగా ఉండవు. మీ గుండె మీకంటే పదిహేనేళ్లు చిన్నది. పాతకాలపు మందులతో ఇది సాధ్యమే కాదు. ఏం చేశారు మీరు?"

హంసిక తలుపు పట్టుకుని నిలబడింది.

"వేళకి వండాను," అంది. "నాకోసమైతే ఎప్పుడో మానేసుండేదాన్ని. ఇది తినడం ఆలస్యమైతే పడిపోతుందని వండాను. దీన్ని ఒంటరిగా పంపకూడదని సాయంత్రాలు దీంతో నడిచాను. పెందరాళే పడుకోబెట్టాలని నేనూ పడుకున్నాను."

"ఆమె రక్తంలో అలాంటి కారణమేదీ నమోదు కాలేదు" అంది రక్తచదువరి.

హంసిక వెనక్కి వచ్చి చరిష్మ పక్కన కూలబడింది. "ఉప్పునీళ్లు కూడా మంటపుడతాయా?" అని అడిగింది.

"మామూలుగా కాదే" అంది చరిష్మ.

చికిత్స ఫలించింది. వర్షాలు తగ్గుముఖం పట్టేనాటికి హంసిక ఒంట్లో కొత్త కణాలు వాటంతటవే ఇన్సులిన్ తయారుచేయసాగాయి. ఇక మందు అక్కర్లేదని, ఏ వేళకు తిన్నా ఫరవాలేదని నౌషీన్ చెప్పి పంపేసింది. ఇద్దరూ పరిశోధనాలయం మెట్ల దగ్గరికి వచ్చారు. ఎదురుగా సముద్రం తెల్లగా మెరుస్తోంది. తిన్నావా, సూది వేసుకున్నావా అని ఒకరినొకరు అడగడానికి ఇక ఏమీ మిగల్లేదు.

హంసిక చరిష్మ వైపు పరీక్షగా చూసింది.

"నీకు మోకాలు నొప్పెడుతోందా? కుంటుతున్నట్టున్నావు."

చరిష్మ మోకాళ్లు ఏ నొప్పీ లేకుండా ఇనుపముక్కల్లా ఉన్నాయి. పొద్దున్నే ఆ మెట్లను ఆయాసం లేకుండా ఎక్కివచ్చింది.

"అవునే," అంది చరిష్మ. "దిగేటప్పుడు మరీను."

"చెప్పవేం మరి!" అని కసిరి, హంసిక చెయ్యి అందించింది.