గీతలు పడని సైకిల్

సైకిల్ ఉంది. మనిషి లేడు.

గల్ఫ్ దేశంలో, హవల్లీ పేటలో ఆరంతస్తుల బిల్డింగ్. మెట్ల కింద ఇనుప పైపుకు గొలుసుతో కట్టేసి ఉంది సైకిల్. ఫ్రేమంతా నల్లటి రబ్బరు చుట్టు. పాత సామాన్లవాడు కూడా రెండోసారి చూడడు. దాని యజమాని పెంచల్‌కు కావలసింది అదే.

మునీంద్ర దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. గురువారం ఉదయం 10.20. ఒకప్పుడు కడప క్రైమ్ బ్రాంచ్‌లో హెడ్ కానిస్టేబుల్. నాలుగేళ్లుగా ఈ బిల్డింగ్ సెక్యూరిటీ సూపర్‌వైజర్. యూనిఫాం మారింది గాని, చూపు మారలేదు.

"నిన్న 4.20కి ఫోన్ ఆగిపోయిందన్నా," అంది కళావతి. పెంచల్ చెల్లెలు. సాల్మియాలో ఒక ఇంట్లో పనిచేస్తోంది. "మామాను, మా ఇంటి యజమానమ్మను బతిమాలి గంట సెలవు తెచ్చుకున్నా. మా యన్న నాకు చెప్పకుండా యాడికీ పోడు."

పెంచల్ ఈ వీధిలో కార్లు కడుగుతాడు. రెండేళ్ల క్రితం దేశం వదిలి వెళ్లిపోతూ ఒక ఇంజనీరు అతనికి ఈ సైకిలిచ్చాడు. తేలికైన అల్యూమినియం ఫ్రేం. వారం తిరక్కుండానే సీటు ఎవరో ఎత్తుకుపోయారు. ఆ రోజే పెంచల్ పాత ట్యూబులు తెచ్చి, చీల్చి, తళతళలాడే ఫ్రేంను అంగుళం కూడా కనబడకుండా చుట్టేశాడు. దొంగ కన్ను పడదు. పైపుకు రాసుకున్నా గీత పడదు. కట్టడానికి స్తంభం లేని చోట సైకిల్‌ను తనతోపాటే లోపలికి తోసుకెళ్లేవాడు.

"చివరగా ఎవరు జూసినారు?"

"నేనే సార్." చిన్నపుల్లయ్య ముందుకొచ్చాడు. పెంచల్ రూమ్మేట్. షువైఖ్‌లో లారీ టైర్ల షాపులో పని. "నిన్న సాయంత్రం ఆరున్నరకు. సైకిల్ ఈడ కట్టేసి, వఫ్రాలో తోటపని దొరికిందని బస్సెక్కినాడు."

"బట్టలు?"

"చిన్న సంచి ఉండె సార్."

వఫ్రా. దక్షిణాన తోటలు, ఇసుక. ఫోన్ పలకకపోయినా వారం దాకా ఎవరూ కంగారుపడరు. ఆ దూరాన్ని ఎవరో కావాలనే ఎంచుకున్నట్టు అనిపించింది మునీంద్రకు.

ఎదురు సందులో సైకిల్ రిపేరు షాపు. అక్కడ పనిచేసే బ్లెస్సన్‌ను పిలిపించాడు.

"నీ దగ్గరికొచ్చినాడా?"

"నిన్న మూడింటికి వచ్చాడండి. చుట్టు అక్కడక్కడా చిరిగిపోయిందన్నాడు. నా దగ్గర పాత ట్యూబుల్లేవండి. షువైఖ్‌లో చిన్నపుల్లయ్య గారిని అడుగుతానని అటే వెళ్లాడు."

"నా కాడికి రాలేదు సార్!"

ఎవరూ అడగకముందే వచ్చిన జవాబు. మునీంద్ర తల తిప్పలేదు. గొలుసు ఆనుకున్న చోట రబ్బరును వేలితో తడిమాడు. తర్వాత పైపుకు రాసుకునే చోట. మళ్లీ తడిమాడు.

"బ్లెస్సన్, బ్లేడు ఉందా? కోయి."

"ఆయనొస్తే ఊరుకోడండి."

"కోయి."

సర్రున రబ్బరు తెగింది. లోపల వెండి రంగు అల్యూమినియం. కళావతి ఊపిరి పీల్చుకుంది. "మా యన్నదేనన్నా."

"కాదమ్మా."

మునీంద్ర కోసిన చోటు పక్కన చుట్టును వేలితో తట్టాడు.

"రెండేళ్లుగా ఈ పైపుకే కట్టిన సైకిల్. దెబ్బలన్నీ చుట్టు తినాల. ఈ చుట్టు మీద ఒక్క గీత లేదు."

"నిన్న కొత్తది చుట్టుకున్నాడేమో సార్," అన్నాడు చిన్నపుల్లయ్య.

"నేనూ అదే అనుకున్నా. అందుకే కోయించినా." మునీంద్ర వేలు పెట్టి చూపించాడు. రంగు లేచిపోయి, ఫ్రేం పొడవునా గీతలు. "రెండేళ్లు రబ్బరు కింద దాగిన ఫ్రేం కొత్తదాని మాదిరి ఉండాల. పైన గీత లేదు, లోపలంతా గీతలే. ఇది నిన్నటిదాకా చుట్టు ఎరగని సైకిల్. ఎవరో దీనికి పెంచల్ సైకిల్ వేషం వేసినారు."

తెగిన రబ్బరును అరచేతిలో పరిచాడు. జానెడు వెడల్పు. మందం.

"ఇది సైకిల్ ట్యూబేనా?"

బ్లెస్సన్ తల అడ్డంగా ఊపాడు. "లారీదండి."

చిన్నపుల్లయ్య వెనక్కి అడుగేశాడు. మునీంద్ర అతని మణికట్టు పట్టుకున్నాడు.

"అట్లాంటి సైకిలే రాత్రికి రాత్రి యాడ దొరికింది? ఎత్తుకొచ్చిన సైకిళ్లు నీ దగ్గర దండిగా ఉంటే దొరుకుతుంది. ట్యూబులకని వచ్చి పెంచల్ అది చూసినాడు. మరి అసలు సైకిల్ తెచ్చి ఈడ పెట్టొచ్చు గదా? ఎందుకు తేలేదు?"

చిన్నపుల్లయ్య నుదుట చెమట.

"తేలేకపోయినావు. సైకిల్‌ను తనతోపాటే లోపలికి తెచ్చుకునే మనిషి. సైకిలూ మనిషీ ఒకే తలుపు వెనక ఉండారు. సైకిల్ కోసం తలుపు తీస్తే మనిషి బయటికొస్తాడు. అంటే నువ్వు తాళమేసేటప్పటికి వాడు బతికే ఉండాడు. యాడ?"

కళావతి చిన్నపుల్లయ్య కాళ్ల మీద పడింది. "అన్నా, ఒకే పళ్లెంలో తిన్నారే మీరు! చెప్పన్నా!"

అతను గోడ కేసి చూస్తూ అన్నాడు. "షాపు వెనక గోడౌన్."

పోలీసులు వచ్చేసరికి 10.55. చిన్నపుల్లయ్య జేబులో పాస్‌పోర్టు, టికెట్ దొరికాయి. ఫ్లైట్ మధ్యాహ్నం 2.15కి.

11.30కి షువైఖ్‌లో షట్టర్ లేచింది. పొయ్యి మూత తీసినట్టు వేడి ముఖాన కొట్టింది. రంగు గీకేసిన ఫ్రేములు వరుసగా వేలాడుతున్నాయి. చివరి మూల, నల్లటి చుట్టు ఉన్న సైకిల్‌కు ఆనుకుని పెంచల్. కదలలేదు.

"అన్నా!" కళావతి ముందుకు ఉరికింది.

కనురెప్ప వణికింది.

మునీంద్ర తడిగుడ్డ అతని పెదాలకు అద్దాడు. పెంచల్ కళ్లు తెరిచాడు.

"పొద్దున్నే వచ్చినాడన్నా. షట్టర్ అవతల నిలబడినాడు. ఊపిరి వినబడింది. నీళ్లన్నా ఇయ్యమని బతిమాలుకున్న్యా. తాళం చప్పుడైంది. తీస్తాండాడనుకున్న్యా..."

అతని వేళ్లు మునీంద్ర చొక్కాను గట్టిగా పట్టుకున్నాయి.

"ఇంకో తాళం ఏసి పొయ్యినాడు."