ఎడమ వింగ్ వైపు చూసిన మూడో సైనికుడు

...అయినా పధ్నాలుగు నాటకాల్లో ఒక్కదానికైనా విమర్శలు రాసే ఆ ‘గుడ్లగూబ’ తనని వదిలేసి ఉండకూడదా, అనుకున్నాడు ఉజాన్. హీరోని రెండు ముక్కల్లో తేల్చేసి, ఈటె పట్టుకుని నిలబడ్డ మూడో సైనికుడికి మాత్రం పేరాలు పేరాలు!

నాటక బృందం పత్రిక ‘మూడో గంట’కి యాభై ఏళ్లు. దాని చరిత్ర రాసే పని ఉజాన్‌కి అప్పగించారు. శ్యాంబజార్ రిహార్సల్ గదిలో వారం నుంచి పాత సంచికల మధ్యే ఉన్నాడు. సొంత నాటకాన్ని సొంతవాళ్లే మారుపేరుతో చీల్చి చెండాడటం ఆ పత్రిక ఆచారం. రాసిందెవరని అడగకూడదు. కానీ నిన్న రాతప్రతుల కట్టలో ‘గుడ్లగూబ’ చేతిరాత కనిపించింది. అది, స్టేజి పక్కనుంచి డైలాగులు అందించే ప్రాంప్టర్ సేంజుతిది.

ఆమె ఎదురుగానే కూర్చుని ప్రూఫులు దిద్దుతోంది. సోమవారం సిలిగురిలో ఉద్యోగంలో చేరుతుంది. ఆ తర్వాత స్టేజి పక్క చాటున, ఎడమ వింగ్‌లో ఆమె స్టూలు మీద ఇంకెవరో.

బయట వాన. మట్టి ముంతల్లో టీ చల్లారిపోయింది.

"ఉజాన్ బాబూ, నాలుగింటికి ప్రెస్సుకి పోవాలి. అయిందా?"

"గుడ్లగూబ దగ్గర ఆగిపోయాను. నా మీద అంత కోపమెందుకో!"

ఆమె పెన్సిల్ ఆగింది. "బాగా చేసి ఉండవు."

"నిలబడటంలో బాగా చేయకపోవడమేంటి?"

"నిలబడి ఎటు చూసేవాడివి? ఎప్పుడూ ఎడమ వింగే. అక్కడేముందని గుడ్లగూబ ప్రతి సంచికలో అడిగిందిగా, జవాబిచ్చావా?"

"డైలాగు మర్చిపోతే అందిస్తారని..."

"ఒక్క డైలాగూ లేనివాడికా?"

ఉజాన్ చెవులు వేడెక్కాయి. ఆమె ఎప్పుడూ స్క్రిప్టులోంచి తల ఎత్తదనే ధైర్యంతోనే అతను అటు చూసేవాడు. ఎత్తకపోతే, అతను చూస్తున్నట్టు ఆమెకెలా తెలిసింది?

ఈ చిన్న లెక్క తేలడానికి ఇన్నేళ్లు పట్టినందుకు తన మీద తనకే నవ్వొచ్చింది.

"ఆ రోజు రాణి వేషం వేసినావిడ డైలాగు మర్చిపోతే, ఎవరూ అందించక అంతసేపు నోరు తెరుచుకుని నిలబడిందే, అందుకేనా?"

"మైకు పాడైంది," అంది సేంజుతి, ప్రూఫులోకి వంగిపోతూ.

"ప్రాంప్టర్‌కి మైకా?"

ఆమె తల ఎత్తలేదు. పెన్సిల్ మాత్రం ఒకే కామాని మూడుసార్లు కొట్టేసింది.

ఉజాన్ తను రాస్తున్న చరిత్ర చివరి పేజీ తీసుకున్నాడు. గుడ్లగూబ అడిగిన ‘ఎడమ వింగ్‌లో ఏముంది?’ అన్న ప్రశ్న ఎత్తి రాసి, దాని కింద జవాబు రాశాడు: ‘సేంజుతి. ఆమె సిలిగురి వెళ్లినా సైనికుడు అటే చూస్తాడు.’

దాని కింద మారుపేరు కాకుండా సొంత పేరు పెట్టి, దిద్దమని ఆమె ముందుకు జరిపాడు.