పసుపు పెట్టిన మొదటి పేజీ

కాగితాలు ఫైల్ చేసిన ఆ శుక్రవారం, ఎడారి పట్టణం చాండ్లర్‌లోని ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. పిల్లల డాక్టర్ వసుమతి. కంప్యూటర్ చిప్‌ల ప్లాంట్‌లో పనిచేసే ఆమె భర్త జగన్మోహన్. సెలవులకు వచ్చిన కూతురు నిధి. వసుమతి నీళ్ల క్యాంపెయిన్ పనులు చూసే దేవ్.

పోయింది ఒక్క వాక్యం.

పెద్ద కంపెనీలు భూగర్భ జలాన్ని తోడెయ్యకుండా రాష్ట్ర రాజ్యాంగాన్ని ఓటర్ల ఓటుతో సవరించాలని వసుమతి ప్రతిపాదించింది. టౌన్ బయట ఇళ్ల బోర్లు ఎండాయి. అడుగున మిగిలిన నీళ్లు విషమయ్యాయి. అవి తాగి ఆమె పేషెంట్లలో ఇద్దరు పసివాళ్లు చనిపోయారు.

బ్యాలెట్ మీద చాలామంది ఓటర్లు చదివేది ప్రతిపాదన సారం చెప్పే టైటిల్ ఒక్కటే. అందుకే ప్రభుత్వ లాయర్లు దాన్ని ముందే రివ్యూ చేస్తారు. 'ఇప్పుడున్న బోర్లకూ వర్తిస్తుంది' అన్న మాట లేదని, అది ఓటర్లను మోసం చేయడమేనని టైటిల్‌ని కొట్టేశారు. కొత్తది వేయడానికి గడువు దాటిపోయింది.

వసుమతి రాసినదాంట్లో ఆ మాట ఉంది. ఫైల్ చేసినదాంట్లో లేదు. ఎవరో మార్చారని సోమవారంలోగా ప్రమాణపత్రం ఇస్తేనే మళ్లీ చూస్తారు.

వసుమతి లాయర్ పంపిన ఇన్వెస్టిగేటర్ ఉజ్వల నలుగురినీ హాల్లో కూర్చోబెట్టింది.

"ఆ రోజు ఫైల్ ఎక్కడుంది?"

"దేవుడి దగ్గర," అంది వసుమతి. "మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు పెట్టి క్లినిక్‌కి వెళ్లాను. సాయంత్రం దేవ్ సబ్మిట్ చేశాడు."

"దేవ్, నువ్వు ఫైల్ తెరిచావా?"

"గవర్నమెంట్ ఆఫీస్ కౌంటర్ దగ్గరే, మేడమ్. ఎల్లో స్టెయిన్స్ చూసి కర్రీ పడిందనుకున్నా. టిష్యూతో తుడవనా అని కాల్ చేస్తే ఆంటీ క్లాస్ పీకారు."

నిధి కళ్లు తిప్పింది. "నేను ముందే చెప్పాను మామ్‌కి. గవర్నమెంట్ పేపర్ మీద పసుపేంటి, సో ఎంబరాసింగ్ అని."

"పసుపుంది కాబట్టి ఆ పేజీ నాదే," అంది వసుమతి నీరసంగా. "పాత డ్రాఫ్ట్ ప్రింట్ చేసి ఉంటాను. తప్పు నాదే."

వారం రోజులుగా ఆమె అదే మాట అంటోంది.

ఉజ్వల ఫోన్‌లో, ఫైల్ చేసిన పేజీల ఫొటోలు చూపించింది.

"రెండో పేజీ చూడండి. మీ తడి పసుపు కిందికి దిగింది. మరకలు అంచుకి ఆనుకుని ఉన్నాయి. మొదటి పేజీ మీద చుక్కలు అంగుళం లోపలికి ఉన్నాయి. రెండూ కలవడం లేదు."

ఉజ్వల ఫోన్ బల్ల మీద పెట్టింది.

"అంటే పేజీ మార్చారు. మార్చి, మళ్లీ పసుపు పెట్టారు. దేవ్‌కి అది పసుపనే తెలీదు. ఒక్కో చుక్క ఇంత వెడల్పుంది. నిధి వేలు సరిపోదు."

ఆమె జగన్మోహన్ వైపు తిరిగింది.

"పసుపెందుకు పెట్టారు, అంకుల్?"

జగన్మోహన్ తన వేళ్లు చూసుకున్నాడు.

"ఇది పాసైతే మా ప్లాంట్ బోర్లు మూతపడతాయి. ముందు లేఆఫ్ అయ్యేది నేనే. ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారు? అందుకే ఆ మాట తీసేసి పేజీ మార్చాను. కానీ పసుపు లేకుండా వసు పేపర్‌ని గుమ్మం ఎలా దాటించనమ్మా? అశుభం కదా."

ఉజ్వల ప్రమాణపత్రం తీసింది.

"మేడమ్, మీ సంతకం కావాలి. అంకుల్ మీద కేసవుతుంది. టైటిల్ మాత్రం బతుకుతుంది."

వసుమతి పెన్ను అందుకుంది. భర్త చేతి వేళ్ల వైపు చూసింది. పెన్ను తిరిగి ఇచ్చేసి, లేచి, ఉజ్వలని గుమ్మం దాకా తీసుకెళ్లింది.

"ఎవరైనా అడిగితే, పాత డ్రాఫ్ట్ నేనే ప్రింట్ చేశానని చెప్పు."

"మామ్, నో!" లోపల్నుంచి నిధి అరిచింది.

"మేడమ్, ఆ పిల్లలు..."

వసుమతి తలుపు వేసేసింది.