గడ్డం కింద గుడ్డ

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్న పెద్దమనిషి ఎవరో గానీ, ముక్కుకు మాస్కు తగిలించుకుని పడుకున్నవాడు మాత్రం కాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మందుల దుకాణం మీదున్న చిన్న గదిలో, పొద్దున పూట, మొగుడు పడే అవస్థ చూస్తూ అరుణజ్యోతి అదే అనుకుంది.

ఆమె మొగుడు యాదగిరి క్యాబ్ డ్రైవరు. రాత్రి డ్యూటీ. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పని ముగిసిన వాళ్లను ఇళ్ల దగ్గర దింపి, తెల్లారాక ఇంటికొచ్చి పడుకుంటాడు. పడుకుంటే గురక. అదీ మామూలు గురక కాదు, కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ మెట్లెక్కి వచ్చి తగువు పెట్టుకునేంత. గురక వినిపిస్తున్నంతసేపూ అరుణజ్యోతికి దిగులు లేదు. అది ఆగితేనే భయం. ఆగేది. ఛాతీ కదిలేది కాదు. ఆమె చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడి, తన ఊపిరి కూడా బిగబట్టి చూసేది. కాసేపటికి నీళ్లలోంచి పైకి తేలినవాడిలా అతను ఒక్కసారిగా గాలి మింగేవాడు. ఆమె మళ్లీ పొయ్యి దగ్గరకు పోయేది.

పోయిన నెలలో ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక స్టీరింగు మీదే అతని కన్ను మూతపడింది. బండి డివైడరును రాసుకుంటూ పోయింది. వెనక కూర్చున్న అమ్మాయి కేక పెట్టింది కాబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఇద్దరూ దక్కేవాళ్లు కాదు. దవాఖానలో ఒక రాత్రి పడుకోబెట్టి, ఒంటినిండా వైర్లు పెట్టి చూశారు. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని, పడుకున్నప్పుడు ముక్కులోకి గాలి ఊదే మిషను పెట్టుకోకపోతే రోడ్డు మీదో మంచం మీదో ప్రాణం పోవడం ఖాయమని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఆ మాట అరుణజ్యోతి చెవిలో పొద్దూమాపూ మోగుతూనే ఉంది.

మిషను దొరకడం కష్టం కాలేదు. తగిన మాస్కు దొరకడమే కష్టమైంది. దిల్‌సుఖ్‌నగర్ గదిలో మాస్కులు అమ్మే రవితేజ భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ నడివయసు మనిషి. మాటకు ముందొక అండి, వెనకొక అండి. ముందు అతను ముక్కూ నోరూ కలిపి మూసే పెద్ద మాస్కు పెట్టి చూశాడు. యాదగిరి రెండు క్షణాలు ఓర్చుకుని పీకేశాడు. తర్వాత ముక్కు రంధ్రాల దగ్గర ఆనించే చిన్నది పెడితే, మీసం అడ్డమొచ్చి గాలి బుస్సుమని పోయింది. మీసం కొంచెం తగ్గిస్తే, అని రవితేజ నసిగాడు. యాదగిరి చూసిన చూపుకు ఆ మాట అక్కడే ఆగిపోయింది. చివరికి ముక్కు వరకే కప్పే మెత్తటి మాస్కు ఒకటి కుదిరింది. కూర్చున్నప్పుడు సరిపోయినది పడుకుంటే జారొచ్చని, బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి, అటూ ఇటూ దొర్లించి మరీ చూశాడు.

"ఒక్కటి గుర్తుంచుకోండమ్మా. నిద్రలో నోరు తెరుచుకుందంటే మిషను పంపిన గాలంతా నోట్లోంచే పోతుంది. మాస్కు పెట్టుకున్నా పెట్టుకోనట్టేనండి."

నోరు తెరుచుకోకుండా గడ్డం కింద నుంచి నెత్తి మీదకు వేసే పట్టీ ఒకటి ఉంటుందట. సరుకు అయిపోయిందని, వారంలో తెప్పిస్తానని చెప్పాడు.

పట్టీ వచ్చేదాకా నిద్ర ఆగదు కదా. కర్మన్‌ఘాట్‌లో రెండో అంతస్తులో వాళ్ల కిరాయి ఇల్లు. అక్కడ మొదటి రెండు రోజులూ నరకమే అయింది. కన్ను మూతపడగానే యాదగిరి దవడ జారేది, నోట్లోంచి గాలి ఈల వేసుకుంటూ వచ్చేది, అతను ఉలిక్కిపడి లేచేవాడు. మాస్కు ఒరుసుకుని ముక్కు దూలం మీద చర్మం కమిలిపోయింది. నిద్రలోనే దాన్ని లాగి అవతల పారేసేవాడు. ఆ కళ్లతోనే మళ్లీ డ్యూటీకి పోయేవాడు. అతను తిరిగొచ్చేదాకా అరుణజ్యోతి ఫోను చేతిలో పట్టుకుని కూర్చునేది.

ఆ రోజు పొద్దున ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. చిట్యాల దగ్గరి ఊరి నుంచి వచ్చి ఉన్న అత్త అండాలమ్మ హనుమంతుడి గుడికని బయల్దేరింది. అత్త వెళ్లాక అరుణజ్యోతి మంచాన్ని స్విచ్ బోర్డు దగ్గరికి జరిపింది. మిషను యాదగిరి తల దగ్గర స్టూలు మీద పెట్టింది. దాని చిన్న దీపం పచ్చగా వెలిగింది. కమిలిన చోట నొప్పి పుట్టకుండా మాస్కు అంచు కింద, ముక్కుకు రెండు పక్కలా దూది సర్దింది. పాత తెల్ల పంచె ఒకటి పొడుగ్గా చింపి, అతని గడ్డం కింద నుంచి తెచ్చి నెత్తి మీద ముడి వేసింది.

"గుర్రానికి కళ్లెం ఏసినట్టు ఏస్తున్నవేందే," అన్నాడు యాదగిరి పళ్ల మధ్య నుంచి. అంతకు మించి నోరు పెగల్లేదు.

అతను నిద్రపోయాడు. గురక లేదు. ఉలికిపాటు లేదు. మిషను సన్నగా ఊదుతున్న చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. అరుణజ్యోతికి ఏడుపొచ్చినంత పనైంది. దేవుడు ఇన్నాళ్లకు తన మొర విన్నాడనుకుంది. అతనికి దుప్పటి కప్పి, పరదా లాగి, వంటగదిలోకి వెళ్లి బియ్యం కడిగింది.

మధ్యాహ్నమైంది. ఏప్రిల్ ఎండకు వీధి మొత్తం తలుపులు బిగించుకుంది. కూరగాయల బండి అరుపు కూడా లేదు. ముందు గదిలో కూలరు తిరుగుతోంది. అప్పుడు మెట్ల మీద చప్పుడైంది. ఎవరో చెప్పులు విడిచిన చప్పుడు. టప్... టప్.

అత్త వచ్చిందనుకుంది. తలుపు కొట్టలేదు.

మళ్లీ... టప్. టప్.

ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. చేతిలో అన్నం గిన్నెతో అరుణజ్యోతి అలాగే నిలబడింది. ముక్కుకు ఊదుబత్తుల వాసన తగిలింది. ఆ రోజు ఇంట్లో ఊదుబత్తి వెలిగించలేదు. వాసన మాత్రం చిక్కగా, గొంతుకు అడ్డం పడేంతగా వచ్చింది. దాని అడుగున తడి మట్టి వాసన. తలుపు అవతల ఆడవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నట్టు సన్నటి గొణుగుడు. ఒక్క మాటా తెలియడం లేదు.

ఆమె వెళ్లి తలుపు తీసింది.

మనుషులు లేరు. చెప్పులున్నాయి.

గుమ్మం ముందు, మెట్ల మలుపు దాకా చెప్పులే. రబ్బరు చెప్పులు, అరిగిపోయిన తోలు చెప్పులు, ఇప్పుడెవరూ తొడగని టైరు చెప్పులు, ఒక పసిపిల్ల చెప్పుల జత. అన్నిటికీ మట్టి పట్టి ఉంది. అన్నీ తలుపు వైపే తిరిగి ఉన్నాయి. పిలవకుండా ఇంతమంది ఒకేసారి వచ్చి బయట చెప్పులు విడిచే సందర్భం ఒక్కటే ఉంటుందని ఆమెకు తెలుసు. ఆ మాట మనసులో కూడా అనుకోలేక తలుపు మూసేసింది.

ఎంతసేపు దానికి ఆనుకుని నిలబడిందో. మెట్ల మీద నుంచి అండాలమ్మ గొంతు వినిపించింది.

"జ్యోతీ... ఎవరొచ్చిన్రు బిడ్డా? గిన్ని చెప్పులున్నయ్?"

అరుణజ్యోతికి పై ప్రాణాలు పైనే పోయాయి. తన కళ్లే మోసం చేశాయని చెప్పుకోవడానికి ఇక వీల్లేదు. తలుపు తీసి అత్తను చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. అండాలమ్మ కోడలి ముఖం చూసి ఇంకేం అడగకుండా కొడుకు పడుకున్న గదిలోకి నడిచింది. గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో ప్రసాదం జారి నేల మీద పడింది.

"ఎవరు చేసిన్రు గిది?" గుసగుసగా అడిగింది.

"నేనే అత్తమ్మా. నోరు తెరుస్తున్నడని..."

"ముక్కుల దూది. గదవకు గుడ్డ. తల కాడ దీపం. పీనుగకు చేసేటియన్ని బతికున్నోనికి చేసినవ్ గదనే."

అప్పుడు చూసింది అరుణజ్యోతి. పొద్దుటి నుంచీ తన చేతులతో ఒక్కొక్కటిగా చేసినవే. ఒక్కసారి కూడా తట్టలేదు. పుట్టింట్లో తన తండ్రిని కూడా ఇలాగే సర్ది పడుకోబెట్టారు. ఆయన దవడ జారకుండా కట్టింది కూడా తెల్ల గుడ్డే. మొగుణ్ని బతికించుకోవాలన్న ఆరాటంలో తాను ఎవరికి కబురు పెట్టిందో ఆమెకు అర్థమైంది.

అండాలమ్మ మంచం కాళ్ల వైపుకు వెళ్లి దుప్పటి ఎత్తింది.

"కాళ్లు కూడ కట్టినవా?"

యాదగిరి రెండు కాళ్ల బొటనవేళ్లు దగ్గరికి చేర్చి ఉన్నాయి. తెల్ల గుడ్డ పేలిక. రెండు ముళ్లు.

"కాళ్లు... నేను కట్టలే."

గొణుగుడు ఇప్పుడు ముందు గదిలోంచి వస్తోంది. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ వెనక్కి తిరిగి చూడలేదు.

అరుణజ్యోతి మొగుడి ఛాతీ మీద చెయ్యి పెట్టింది. కదులుతోందా? కదులుతున్నట్టే ఉంది. పైపు వణుకుతోంది. మాస్కు ఉబ్బుతోంది, తగ్గుతోంది. అది అతని ఊపిరా, మిషను ఊదే గాలా? తెలియడం లేదు. ముఖం దగ్గర చెవి పెట్టింది. మిషను చప్పుడే. ఎంతసేపటి నుంచి ఈ చప్పుడే వింటూ, అతను హాయిగా నిద్రపోతున్నాడని తాను సంబరపడింది?

తెలుసుకోవాలంటే మిషను ఆపాలి. ఆపాక ఏమీ వినిపించకపోతే...

చెయ్యి స్విచ్చు దాకా పోయి ఆగింది. అరుణజ్యోతి కళ్లు మూసుకుని స్విచ్చు నొక్కింది.

మిషను ఆగింది.

ముందు గదిలో గొణుగుడు కూడా ఆగింది. అక్కడున్న వాళ్లు కూడా చెవులు రిక్కించారు.

ఊపిరి లేదు.

ఆమె మాస్కు లాగేసింది. దూది పీకేసింది. ముడి విప్పడానికి వేళ్లు ఆడక, గుడ్డను పళ్లతో కొరికి చింపింది. దవడ వదులైంది. నోరు మాత్రం తెరుచుకోలేదు. ఆమె అతని భుజాలు పట్టి కుదిపింది. ఏమయ్యా... ఏమయ్యా... పిలుస్తూనే ఉంది. అండాలమ్మ ఆ బొటనవేళ్ల కట్టు మీద పడి గోళ్లతో పీకుతోంది. ఒక ముడి ఊడింది. రెండోది...

యాదగిరి గొర్రుమని గాలి మింగాడు. కళ్లు తెరిచాడు.

అరుణజ్యోతి అతని మీద పడి ఏడ్చింది. పోయిన ప్రాణం తిరిగొచ్చింది అతనికా తనకా చెప్పలేనంతగా ఏడ్చింది. అతను మాత్రం విసుక్కోలేదు. ఇంత నిద్ర ఎన్నేళ్లకు పట్టిందో అని నెమ్మదిగా అన్నాడు. మంచినీళ్లడిగి చెంబెడు తాగాడు. అండాలమ్మ వెళ్లి తలుపు తీసి చూసింది. గుమ్మం ముందు ఒక్క చెప్పు కూడా లేదు. నేల శుభ్రంగా ఉంది. ఆమె పసుపు నీళ్లు చల్లి, గుడ్డ పేలికలూ దూదీ డాబా మీదికి తీసుకెళ్లి తగలబెట్టి వచ్చింది.

రవితేజకు ఫోన్ చేస్తే పట్టీ రేపే వస్తుందన్నాడు. ఇక గుడ్డ కట్టే పనే లేదని అరుణజ్యోతి గుండె కుదుటపడింది. ఈ ఒక్క రాత్రికి డ్యూటీ మానేయమని తల్లీ భార్యా బతిమాలారు. యాదగిరి వినలేదు. ఎన్నడూ లేనంత తేరుకుని ఉన్నాడు. కళ్ల కింద నలుపు లేదు, ఆవలింత లేదు. ఈ కళ్లతో పోతే ప్రమాదం ఎందుకు జరుగుతుందని ఆమె కూడా తనకు తానే సర్దిచెప్పుకుంది.

పొద్దు గూకుతుండగా అతను దిగి వెళ్లాడు. ఆమె బాల్కనీలో నిలబడింది. కింద గోడ పక్కన క్యాబు ఆగి ఉంది. యాదగిరి నేరుగా తన సీట్లో కూర్చోలేదు. వెనక తలుపు తీసి, దాన్ని పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఎవరూ లేరు. అయినా నిలబడ్డాడు, ముసలివాళ్లు ఎక్కుతుంటే తొందరపెట్టని డ్రైవరులా.

బండి వెనక టైర్ల మీద కొంచెం కుంగింది. కాసేపాగి ఇంకొంచెం. ఇంకొంచెం.

అతను తలుపు మెల్లగా వేసి, వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అద్దం సర్దాడు. వెనక నుంచి ఎవరో దారి చెబితే విన్నట్టు తలాడించాడు. అరుణజ్యోతి మొగుణ్ని పేరు పెట్టి పిలిచింది. అతను తల ఎత్తి చూడలేదు.

రోజూ ఎల్బీ నగర్ వైపు కుడికి మళ్లే బండి ఆ సాయంత్రం ఎడమకు మళ్లింది. ఆ గల్లీ చివర కాంపౌండు గోడ. అటు దారి లేదు. ఎలాగూ వెనక్కి తిప్పుకుని రావాల్సిందే కదా అని ఆమె రెయిలింగు పట్టుకుని చూస్తూ నిలబడింది. వీధి దీపాలు వెలిగాయి. అండాలమ్మ రెండుసార్లు లోపలి నుంచి పిలిచింది. బండి మాత్రం తిరిగి రాలేదు.