ఫ్రెంచి ఓడలో బోణీ

1913. ఫిజీ దీవుల్లోని లంబాసా జెట్టీ కింద ధర్మ శవం తేలింది. బిగిసిన పిడికిట్లో ఎర్రపట్టు పేలిక.

"మన ఏజెంటు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ హార్వే. "ఆ పట్టు రేవులో ఉన్న ఫ్రెంచి ఓడలోది. చవక బట్టలు ఎరవేసి, గిర్మిట్ ఒప్పందం మీద వచ్చిన కూలీలను ఎక్కించుకుని, న్యూ కాలెడోనియా గనులకు అమ్ముతున్నారు. రుజువు లేకుండా నేను ఆ ఓడ ఎక్కలేను. నువ్వు ఎక్కాలి గంగయ్యా."

గంగయ్య గిర్మిట్ ముగించుకుని బట్టల మూటతో ఊళ్లు తిరిగే వ్యాపారి. ధర్మ అతని జహాజీ, ఒకే ఓడలో వచ్చినవాడు. అన్నిటికీ వెల కట్టే గంగయ్యకు ఆ చుట్టరికానికి మాత్రం వెల కట్టడం రాదు. రేపు ఆ ఓడకు బట్టలకని బయల్దేరుతున్న కుంతి కూడా జహాజీయే.

"వేషం?"

"న్యూ కాలెడోనియాలోని నూమెయా షావుకారు. ఫ్రెంచి భాష భగవతి నేర్పుతుంది. జేబులో ఎర్ర రుమాలు ఉంచుకో, రుజువు దొరకగానే ఊపు. ఎరుపు కనపడగానే మా లాంచీ వస్తుంది."

భగవతిది యానాం. సిల్కు గౌను, చేతిలో గొడుగు. హార్వేకి నమ్మకమైన ఏజెంటు.

"కొంబియాఁ, ఎంత? త్రో షేర్, మరీ ఎక్కువ. దెర్నియే ప్రి, ఆఖరి ధర."

"మూడు ముక్కలేనా?"

"బేరానికి ఇంకేం కావాలి మావయ్యా? ఓడలో బట్టలమ్మే గున్నయ్య మా బాబాయే. మూడు తరాల కొట్టు. పాపం అమాయకుడు, దొంగ కెప్టెనే."

పొద్దున్నే గంగయ్య టోపీ, కోటు తొడుక్కుని ఓడ ఎక్కాడు. భగవతి పక్కనే ఉంది. మొదటి గిరాకీ అతనే. వెనక కుంతి, కూలీల లైన్ ఇళ్లలోని ఆడవాళ్లు.

"ఈ టోపీ దొర నడక అచ్చం మా గంగయ్యన్నదే!" కుంతి కిసుక్కుమంది. గంగయ్య వెనక్కి తిరగలేదు.

ఎర్రపట్టు తాను మీద చెయ్యి వేశాడు. "కొంబియాఁ?"

గున్నయ్య ఐదు వేళ్లు చూపాడు. ఐదు పౌన్లు.

"త్రో షేర్." గంగయ్య రెండు వేళ్లు చూపాడు.

గున్నయ్య వెంటనే సరేనని తల ఊపాడు.

గంగయ్య అతన్ని తేరిపార చూశాడు. అమ్మేవాడు గిట్టదనలేదు, తల కొట్టుకోలేదు. పరీక్షిద్దామని తానును బల్లమీద పడేసి వెనుదిరిగాడు. పొద్దున్నే వచ్చిన తొలి గిరాకీని బోణీ కాకుండా ఏ కొట్టువాడు పోనిస్తాడు? గడప దాటేలోపు చెయ్యి పట్టుకుని లాగుతాడు.

గున్నయ్య ఆవలించాడు.

వీడు జన్మలో గుడ్డ అమ్మలేదు. అంటే భగవతి చెప్పింది అబద్ధం. గంగయ్య జేబు తడుముకున్నాడు. రుమాలు లేదు.

"కింద గదిలో ఇంకా చవక!" గున్నయ్య కేకేశాడు. ఆడవాళ్లు బిలబిలమంటూ దిగారు. వాళ్ల పైన తలుపు దభీమని పడింది. ఖలాసీలు లంగరు ఎత్తుతున్నారు.

గొడుగు కొసలోంచి సన్నటి కత్తి బయటికొచ్చి గంగయ్య పక్కటెముకలకు ఆనింది.

"రుమాలు నా దగ్గరుంది మావయ్యా," అంది భగవతి మెల్లగా. "ధర్మ కూడా నా దగ్గరే ఫ్రెంచి నేర్చుకున్నాడు."

గంగయ్య బల్లవైపు ఒక అడుగు జరిగాడు. "దెర్నియే ప్రి?"

భగవతి పకపకా నవ్వింది. ఆ నవ్వులో కత్తి ఒక్క క్షణం వదులైంది. గంగయ్య పట్టు తాను కొస పట్టుకుని మిగతాదంతా ఓడ అంచు మీదుగా విసిరేశాడు. ఎర్రపట్టు గాలికి జెండాలా విచ్చుకుంది. కత్తి అతని కోటు చీల్చింది. రేవులో లాంచీ విజిల్ మోగింది.

ఓడ కదలబోతుండగా పోలీసులు ఎక్కి, భగవతికీ గున్నయ్యకూ సంకెళ్లు వేసి, తలుపు బద్దలుకొట్టారు.

"నువ్వేనా అన్నా!" కుంతి పైకి వచ్చింది. "చవకని దిగితే చీకట్లో పడేశారు!"

గంగయ్య తడిసిన తానును చుట్టి చంకన పెట్టుకున్నాడు. బేరానికని హార్వే ఇచ్చిన డబ్బులోంచి రెండు పౌన్లు తీసి గున్నయ్య సంకెళ్ల చేతుల్లో పెట్టాడు.

"బోణీ," అన్నాడు.