ఆకాశం వైపు చూసి తీయాలి

"పడవ నంబరు తెలిసింది ముగ్గురికే," అంది గున్‌వోర్. "నాకు, నీకు, డాగ్నీకి. అయినా పోయిన నెల నలుగురు డైవర్లు సముద్రం పాలయ్యారు. నేను చెప్పలేదు. నువ్వు చెప్పావా?"

"లేదు మేడమ్."

"ఇంకేం, మిగిలింది ఎవరో నువ్వే తేల్చు. ఇవాళ మూడింటికి ఇంకో పడవ వెళ్తోంది. నంబరు 372."

సిక్స్‌టెన్ బ్రూమాన్‌కు కుర్చీలో ముళ్లున్నట్టయింది. విస్బీ రేవులో స్వీడన్ నిఘా విభాగానికి అతనే ఏజెంట్, గున్‌వోర్ అతని పై అధికారి. 372లో దిగబోయే డైవర్లలో అతని చెల్లెలు సిగ్నే ఉంది. నంబరు బయటికి పొక్కితే, బయట పొంచి ఉన్న పరాయి జలాంతర్గామి ఆ పడవను ముంచేస్తుంది. పేపర్లో ప్రమాదమని వేస్తారు.

"డాగ్నీని ఇప్పుడే పట్టుకుంటే?" అన్నాడు.

"ఆమె నిజంగా మన మనిషే అయితే, మన చేతికి చిక్కిందని తెలియగానే శత్రువు ముఠా సాయంత్రంలోగా చంపేస్తుంది. రుజువు దొరికాకే చెయ్యి వెయ్యి."

డాగ్నీ ఎక్‌వాల్ డబుల్ ఏజెంట్. శత్రువుకు తప్పుడు నంబర్లు అందించడం ఆమె పని. పొరపాటున అసలుదే ఇచ్చేయకుండా ఆమెకు అసలు నంబరు కూడా చెప్పాల్సి వచ్చేది. పైకి మాత్రం కోటగోడ పక్క సందులో రూన్‌లు వేసి జాతకం చెబుతుంది. ఊళ్లో సగం మగాళ్లు జాతకం కోసం కాదు, ఆమె నవ్వు కోసం వెళ్లేవాళ్లు. సిక్స్‌టెన్ మాత్రం మూడేళ్లుగా ప్రతి గురువారం నిజంగానే జాతకం కోసం వెళ్లేవాడు. డ్యూటీ అని తనకు తనే నచ్చజెప్పుకునేవాడు.

ఆపిల్ కొమ్మను ఇరవై నాలుగు ముక్కలు కోసి, ఒక్కోదాని మీద రూన్ అనే ఒక పాత అక్షరం చెక్కి, గాట్లలో ఎర్రరంగు నింపుతారు. వచ్చినవాళ్లు మనసులో ప్రశ్న అనుకుంటారు. జాతకం చెప్పేవాళ్లు ముక్కల్ని తెల్లగుడ్డ మీద చల్లి, తల పైకెత్తి ఆకాశాన్నే చూస్తూ మూడు తీస్తారు. కిందికి చూడకూడదు. చూస్తే అది అడగడం కాదు, ఏరుకోవడం.

సిక్స్‌టెన్ వాళ్ల అమ్మమ్మ కూడా ముక్కలు తీసేది. ఏళ్ల తరబడి తీసిన చేతికి కన్ను అక్కర్లేదని, బొటనవేలికి గాటు తగిలితే అక్షరం తెలిసిపోతుందని అతనికి చిన్నప్పుడే తెలుసు.

మధ్యాహ్నం డాగ్నీ యాలకుల బన్నులు తేవడానికి బేకరీకి వెళ్లింది. ఆ పది నిమిషాల్లో అతను వెనక తలుపు తీసుకుని లోపలికెళ్లి, ప్రతి గాటులోనూ ఎర్ర మైనం కూరి నున్నగా రుద్దేశాడు. కంటికి తేడా తెలియదు. వేలికి మాత్రం అన్నీ ఒకటే.

రెండూ నలభైకి మళ్లీ వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు.

"ఇవాళ గురువారం కాదే!" అంది డాగ్నీ, కాఫీ పోస్తూ.

"మనసు బాగోలేదు."

"నీకెప్పుడు బాగుంది గనక? కూర్చో. ఈయన ముందొచ్చారు."

ఈయనంటే మెళ్లో బైనాక్యులర్స్ వేసుకున్న ముసలాయన. పక్షులు చూడ్డానికొచ్చాడట. "మా ఆవిడ మోకాళ్ల గురించి అడగాలమ్మా," అన్నాడు.

"మనసులోనే అనుకోండి. పైకి చెప్తే మోకాళ్లకి చెవులొస్తాయి," అంది. ముసలాయన కిచకిచ నవ్వాడు.

ముక్కలు చల్లింది. పైకప్పు అద్దంలోంచి కనిపించే మబ్బుల వైపు తలెత్తింది. చెయ్యి గుడ్డ మీద పాకింది. ఒక ముక్క, ఇంకో ముక్క, మరొకటి. బొటనవేలు రుద్దుతోంది, వదిలేస్తోంది. మెడ పైకే ఉంది. చూపు మాత్రం ఒక్క క్షణం కిందికి జారింది. ముక్క తీసింది.

కంట్లో నలుసు పడిందేమో అనుకున్నాడు సిక్స్‌టెన్.

ముసలాయన వేలు బైనాక్యులర్స్ పక్కనున్న చిన్న మీటను మూడుసార్లు తట్టింది.

రెండో ముక్క. మళ్లీ చూపు జారింది. ఈసారి దానికి కూడా ఏదో సాకు వెతికాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. చెల్లెలు పడవెక్కి ఉంటుంది, తనేమో ఇక్కడ ఒక ఆడమనిషి కళ్లకు వకాల్తా పుచ్చుకుంటున్నాడు! ముసలాయన వేలు ఏడుసార్లు తట్టింది. రూన్‌లు మూడు వరసలు, వరసకు ఎనిమిది. వరసలో ఎన్నోదైతే అదే అంకె. మూడు, ఏడు. ఇక మిగిలింది రెండు అంకె ఒక్కటే.

మూడోసారి డాగ్నీ తల దించి, సూటిగా గుడ్డ వైపే చూసి ముక్క తీసింది.

ముసలాయన ఒకసారి తట్టాడు. రెండోసారి వేలు లేపాడు. సిక్స్‌టెన్ కాఫీ కెటిల్ ఎత్తి ఆ చేతి మీద కుమ్మరించాడు. కేక పెట్టిన ముసలాయన మెళ్లోంచి బైనాక్యులర్స్ పీకి గోడకేసి కొట్టాడు. అద్దాల వెనక నుంచి తీగలు, బ్యాటరీ, బుల్లి ట్రాన్స్‌మిటర్ బయటపడ్డాయి. అవతలివాళ్లకు చేరింది మూడు, ఏడు, ఒకటి. 371 రిపేరుకని వారం నుంచీ ఒడ్డు మీదే ఉంది.

సందులో కాపు కాసిన ఇద్దరు పోలీసులు లోపలికొచ్చారు. డాగ్నీ పారిపోలేదు. ఒక ముక్క తీసుకుని గోరుతో గీకింది. గోట్లోకి మైనం వచ్చింది.

"నీకూ వచ్చన్నమాట విద్య," అంది.

"పోయిన నెల నలుగురు, డాగ్నీ."

ఆమె మైనం దులుపుకుని పోలీసుల ముందు చేతులు చాచింది.

అతను అడగకూడదనుకున్నాడు, అయినా ఉండబట్టలేక అడిగేశాడు. "మూడేళ్లు నాకు తీసినవి? అవీ తడిమి తీసినవేనా?"

"నీకా?" బేడీలు వేయించుకుంటూ నవ్వింది. "లేదు. నీకు మాత్రం ఆకాశం చూసే తీశాను."

మూడింటికి 372 రేవు దాటింది. ఆరింటికి తిరిగొచ్చింది. సిగ్నే తడిజుట్టుతో గట్టెక్కి, "ఏంటన్నయ్యా ఆ మొహం? నేనేదో చచ్చి బతికొచ్చినట్టు! ఆకలేస్తోంది, పద," అంది. అతను ఆమెను గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చెల్లెలి చలి తన కోటులోకి పాకుతుంటే ప్రాణం లేచొచ్చింది.

కానీ నడుస్తున్నంతసేపూ అదే పురుగు తొలిచింది. డాగ్నీ ఆ చివరిమాట నిజమే చెప్పిందా, పోతూపోతూ ఇంకో దెబ్బ వేసిందా? ఇలాంటి సంగతి తేలాలంటే రూన్‌లు వేయించుకోవాల్సిందే. ఊళ్లో వేసే మనిషి ఒక్కతే, ఆమెను తనే లాకప్‌లో పెట్టించాడు.