ఫిల్టర్ దులిపిన మధ్యాహ్నం

దుమ్ము విషయంలో నన్ను మించినవాడు ఈ భూమ్మీద పుట్టలేదు. పుట్టి ఉంటే వాడికి వాక్యూమ్ పట్టుకోవడం నేనే నేర్పి ఉంటాను. ఒకసారి ఒక గోడౌన్ మొత్తాన్ని అన్నం వేళకి ముందే అద్దంలా చేసేశాను. మేనేజరు వంగి ఆ నేలలో మీసం దువ్వుకున్నాడు. నమ్మకపోతే మానేయండి.

ఆ రోజు పని రాళ్ళు కోసే పాత షెడ్డులో. యంత్రాలు ఎత్తుకుపోయారు, దుమ్ము మిగిలింది. నాతో వచ్చింది మా బావమరిది. అన్నిటికీ తొందరే, అందుకే అందరూ వాణ్ణి రైలు అంటారు. చిన్నప్పట్నుంచీ ఛాతీ బలహీనం. బయల్దేరుతుంటే మా ఆవిడ నా చొక్కా పట్టుకుని, "మా తమ్ముడి ఊపిరి నీ పూచీ. మాస్కు తియ్యనిచ్చావో, ఇంటికి రాకు" అంది.

"మా అక్కంటే నీక్కూడా భయమేనా బావా?" అని దారిలో నవ్వాడు రైలు.

"నాకా? పులులే పక్కకి తప్పుకుంటాయి నన్ను చూసి. మీ అక్క పులి కాదుగా. మాస్కు బిగించు."

గేటు దగ్గర కాపలాదారు ఒక మాట అన్నాడు. "ఇక్కడ ఊడ్చే ముసలాయన ఒకడుండేవాడు. చీపురే, మాస్కూ గీస్కూ లేదు. వెనక మూల కూర్చుని, గాలి అందక ప్రాణం విడిచాడు."

తలుపులకీ కిటికీలకీ నల్ల ప్లాస్టిక్ పట్టాలు బిగించాం, దుమ్ము వీధిలోకి పోకుండా. పట్టపగలే లోపల చీకటి. తడిసిన సున్నం వాసన. మా వాక్యూమ్ మోత తప్ప చప్పుడు లేదు. మామూలు వాక్యూమ్ ముందు పీల్చి, సన్న దుమ్ముని వెనకనుంచి మళ్ళీ గదిలోకే ఊదుతుంది. దీనికున్న హెపా ఫిల్టర్ కంటికి ఆనని రేణువుని కూడా పట్టేస్తుంది. నియమం ఒకటే: లాగుడు తగ్గితే ఫిల్టర్ని దులపకూడదు. సంచిలో మూటగట్టి పక్కన పెట్టి, కొత్తది వెయ్యాలి.

వెనక మూలకి వచ్చేసరికి లాగుడు పడిపోయింది. గొట్టం చివర ఎవరో నోరు ఆనించినట్టు బిగుసుకుంది. మిషన్ ఆపాను. కొత్త ఫిల్టర్ వ్యాన్‌లో ఉంది.

"దేన్నీ ముట్టుకోకు" అని చెప్పి కదిలాను.

తలుపు దగ్గర పట్టా ఎత్తబోతుండగా వినపడింది. టక్. టక్. రైలు ఫిల్టర్ని తీసి గోడకేసి కొడుతున్నాడు.

"ఒరే, ఆపు!"

"ఆపాను బావా..."

టక్. టక్.

ఫిల్టర్ నేలమీద ఉంది. వాడి చేతులు ఖాళీగా ఉన్నాయి. చప్పుడు ఫిల్టర్ లోపల్నుంచి.

నాకు భయం వెయ్యలేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు. ఏమీ అనిపించలేదు, అంతే. చేతులు ఎవరివో అయినట్టు వేలాడాయి.

దుమ్ము లేచింది. లేచి, కింద పడలేదు... గాల్లోనే కూర్చుంది. మోకాళ్ళు. వంగిన వీపు. తల.

"బావా... గాలి అడుగుతున్నాడు" అన్నాడు రైలు, గుసగుసగా.

"మాస్కు మీద చెయ్యి తియ్యి."

"కొంచెమేనట... పాపం..."

మాస్కే తీసేశాడు.

చిరుతలా దూకాను. షెడ్డంతా ఒక్క గెంతులో దాటాను. అప్పటికే ఆకారం లేదు. దుమ్ము లేదు. మూలలో, గోడ మీద, నేల మీద ఒక్క రేణువు లేదు. అంత శుభ్రమైన గది నా చేతుల మీదుగా కూడా ఎప్పుడూ రాలేదు.

రైలు ఒక్కసారి కూడా దగ్గలేదు. "పద బావా, ఆకలేస్తోంది" అన్నాడు.

డాక్టరు ఛాతీ ఫోటో తీసి, బ్రహ్మాండంగా ఉందన్నాడు. మా ఆవిడ నన్ను తిట్టడం కూడా మరిచిపోయింది.

మర్నాడు భోంచేసి వాడు మా వరండాలో కునుకు తీశాడు. మా ఆవిడ పక్కన కూర్చుని విసురుతోంది. ఉన్నట్టుండి విసనకర్ర ఆపింది. నా చెయ్యి పట్టుకుని వాడి ముక్కు కింద పెట్టింది.

ఊపిరి లోపలికి పోతోంది. నింపాదిగా, లోతుగా. మళ్ళీ లోపలికే. మళ్ళీ...

"బయటికి ఎప్పుడొస్తుంది?" అంది మా ఆవిడ.

నేను చెయ్యి తియ్యలేదు. వేళ్ళ మీది వెంట్రుకలు వాడి వైపే వాలి ఉన్నాయి.